సబ్బునీటి పాఠం

సాహిత్యం బోధించేవారికి మోటారు యంత్రాల గొడవ ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చు. కాని గత వేసవిలో మేము నేర్చుకొన్న పాఠం తరగతి గదిలోనిది కాదు. ఇబ్రహీంపట్నంలోని మా ఇంటి వాకిట, ఒక పాత బండి ప్రక్కన నిలబడి నేర్చినది.

మా భాయీజాన్ గల్ఫు నుండి తిరిగివచ్చి, పదిహేనేళ్ళనాటి విదేశీ ఎస్.యు.వి. ఒకటి కొన్నారు. అమ్మీకి మోకాళ్ళ నొప్పులు. మనిషి ఎక్కేటప్పుడు క్రిందికి దిగి, ప్రయాణంలో పైకి లేచే బండి అని ముచ్చటపడ్డారు. లారీలకుండే కమాను కట్టలు దీనికి లేవు. చక్రానికొకటి చొప్పున నాలుగు రబ్బరు బెలోలు, వాటికి గాలినిచ్చే కంప్రెసరు, ఆ గాలిని పంచే వాల్వు బ్లాకు, ఎత్తును కొలిచే సెన్సార్లు ఉన్నాయి. బంధించిన గాలిని నొక్కినకొద్దీ పీడనం పెరుగుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రమే ఇందులో బరువు మోస్తున్నది. అమెరికాలో 1957లోనే కాడిలాక్ కారు ఒకటి ఇటువంటి అమరికతో వెలువడింది.

కొన్నాళ్ళకు ప్రతి ఉదయం బండి ఎడమవైపు వెనుక భాగం కుంగి కనిపించసాగింది. ఒక పెద్ద వర్క్‌షాపువారు కంప్రెసరు కాలిపోయిందని చెప్పి క్రొత్తది బిగించారు. అమ్మీ మోకాళ్ళ ఆపరేషనుకు దాచిన సొమ్ములో చాలా భాగం అందుకే పోయింది. మూడు నెలలు తిరగకుండానే బండి మళ్ళీ కుంగింది. ఇనుప సామానుకు అమ్మివేద్దామన్నారు భాయీజాన్.

ఆఖరి ప్రయత్నంగా బెజవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్ళాము. 1966లో వెలసిన ఆ పేటలో విచారించగా ఒక చిన్న షెడ్డు చూపించారు. దాని యజమాని మమ్మల్ని చూసి, చేతులు తుడుచుకొంటూ లేచి, “సలాం సార్” అన్నాడు. అతడు మా పూర్వ విద్యార్థి. తరగతిలో నిత్యం నిద్రపోయేవాడు. “చదువు వీడివల్ల కాదు” అని అతని తండ్రితో చెప్పినది మేమే.

ఆ సాయంత్రమే అతడు మా ఇంటికి వచ్చాడు. “ఈ పూట ఏ నట్టూ విప్పను సార్” అని, చక్రం మధ్య నుండి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా టేపుతో కొలిచి, అంకెలు వ్రాసుకొని వెళ్ళిపోయాడు. తెల్లవారాక మళ్ళీ కొలిచాడు. ఎడమ వెనుక మూల నాలుగంగుళాలు దిగింది. మిగిలినవి కొంచెమే దిగాయి.

“రాత్రి చల్లదనానికి గాలి కాస్త ముడుచుకొంటుంది, అది జబ్బు కాదు సార్. ఒక్క మూలే దిగితే అక్కడి బెలోనో పైపునో చూడాలి. అన్నీ దిగితే వాల్వు బ్లాకును అనుమానించాలి. దిగకుండా నిలిచి వంకరగా ఉంటే సెన్సారు. అసలు లేవకపోతే ఫ్యూజు, రిలే, ఆ తరువాతే కంప్రెసరు.”

గాలి మీద నిలిచిన బండి క్రింద తల పెట్టరాదని చెప్పి, ముందు ఇనుప స్టాండ్లు వేశాడు. తరువాత బెలో మడతల మీద సబ్బునీళ్ళు చల్లాడు. ఒక మడతలో సన్నని నురుగు పొంగింది. రబ్బరు పగిలి ఉన్నది.

“కంప్రెసరు కాలిన మాట నిజమే సార్. ఎందుకు కాలిందో ఎవరూ చూడలేదు. కారిపోయే గాలిని నింపలేక అది చచ్చింది. క్రొత్తదానికీ అదే గతి పట్టేది.”

వెనుక బెలోలు రెండూ జతగా మార్చాడు. క్రొత్త ఓ-రింగులు, రిలే వేశాడు. గాలిలోని తేమను పీల్చే డ్రయరు గుళికలు కూడా మార్చాడు. అంతా కలిపి కంప్రెసరుకైన ఖర్చులో సగం కాలేదు. వారం రోజులు కొలిచి చూశాము. బండి నిలిచింది.

డబ్బు ఇస్తూ, కాలేజీ ఎందుకు మానావని అడిగాము. “రాత్రిళ్ళు నాన్నతో లారీల షెడ్డులో పనికి పోయేవాణ్ణి సార్. పొద్దున మీ క్లాసులో కళ్ళు మూతపడేవి” అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. మాకు మాత్రం మాట రాలేదు.

ఉదయం కుంగిన బండిని చూసి, రాత్రి ఏమి జరిగిందని అడగనివారిని తప్పుపట్టాము. మేము చేసినదీ అదే. హాజరు తక్కువైన విద్యార్థుల పేర్లు ఏటా కళాశాల కమిటీ ముందుకు వస్తాయి. ఏ పేరునైనా కొట్టివేసే ముందు, ఆ పిల్లవానిని పిలిచి, రాత్రిళ్ళు ఏమి చేస్తున్నావని ఒక్కమాట అడగవలసిందిగా పెద్దలకు మా మనవి. ఈ ఏడాది నుండి మా తరగతిలో మేము అడుగుతున్నాము.