ధర్పల్లి రండి, దారం చూపిస్తాను

నిజామాబాద్ అంటే పసుపు, ఆర్మూర్ అంటే ఎర్రజొన్న, బోధన్ అంటే చక్కెర. ఇవి మీకు తెలిసినవే. బోధన్ చక్కెర మాత్రం ఇప్పుడు పేరుకే మిగిలింది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మరి ధర్పల్లి అంటే? మీకేమీ గుర్తుకు రాకపోవచ్చు. అందుకే ఈవారం మిమ్మల్ని మా ఊరికి పిలుస్తున్నాను.

నిజామాబాద్‌లో బస్సెక్కితే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. తీరిక ఉంటే అక్కడ దిగి గుట్టమీది రామాలయం చూడండి. రాతి మీద ఆ చెక్కుడు పనిని చూస్తే లేసు అల్లే చేతులు ఆగవు, నిజం! అక్కణ్ణించి ముందుకొస్తే వరిపొలాలు, మక్కచేన్లు, పసుపు మడులు, దూరంగా గుట్టలు, వాటి పాదాల దగ్గర తండాలు. వానలు బాగా పడిన ఏడు రామడుగు ప్రాజెక్టు నిండి అలుగు పారుతుంటే ఊరూరి జనం చూడ్డానికి వస్తారు. వచ్చినవాళ్లలో ఆడవాళ్లు కొందరు తిరుగుదారిలో నా కొట్టు ముందు ఆగుతారు. పది అడుగుల కొట్టు. ఊలు, నూలు, క్రోషియా దారం, సూదులు, గుండీలు, లేసులు, అద్దాలు, గవ్వలు. అంతే నా ఆస్తి.

ఎండల ఊళ్లో ఊలెందుకు?

ఇది అందరూ అడిగే మాటే. మే నెలలో మా జిల్లాలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చలి గట్టిగా ఉండేది మూడు నెలలు. దసరా దాటగానే ఊలు ఉండలు కదలడం మొదలవుతుంది, సంక్రాంతి దాటితే ఆగిపోతుంది. మిగతా తొమ్మిది నెలలు కొట్టు ఎలా నడుస్తుందని మీరడగొచ్చు.

మొదటి జవాబు తండాలు. లంబాడీ అక్కలు పాత పద్ధతి దుస్తులకు అద్దాలు, గవ్వలు, రంగు దారాలు కొంటారు. కుచ్చులకు ఊలు కావాలి. వాళ్లకు చలీ ఎండా లెక్కలేదు, పెళ్లిళ్లే లెక్క. ఎరుపు తెచ్చి పెడితే చాలదు, ‘ఈ ఎరుపు గాదు, ఆ ఎరుపు’ అంటారు. నాలుగు రకాల ఎరుపుల మధ్య తేడా నాకు నేర్పింది వాళ్లే.

రెండో జవాబు మన సొంత ఊలు. తెలంగాణలో ఊలంటే ముందు గొంగడి. దక్కనీ గొర్రె బొచ్చుతో కురుమలు నేసేది. గొర్రెల కాపరి దాన్ని చలికే కాదు, వానకూ ఎండకూ కప్పుకుంటాడు. అంటే ఊలు చలి దేశాల సొత్తేమీ కాదు. కాకపోతే ఆ బొచ్చు ముతక, పసిపిల్లల ఒంటికి పనికిరాదు.

మూడో జవాబే అసలుది. నూలు అల్లిక. ఎండాకాలంలో ఒంటికి హాయిగా ఉండే బట్టను సూదులతో చేత్తోనే అల్లుకోవచ్చని చాలామందికి తెలియదు. స్వెట్టరు అల్లే చేతికి అదేమీ కొత్త విద్య కాదు. కానీ నూలు స్వభావం వేరు, అది తెలుసుకోవాలి.

నూలు గుణం తెలుసుకోండి

ఊలుకు సాగే గుణం ఉంది. లాగి వదిలితే మళ్లీ దగ్గరకొస్తుంది. నూలుకు అది లేదు. సాగిందా, సాగిందే. పైగా నూలు బరువు. వదులుగా అల్లిన నూలు జాకెట్టు నాలుగుసార్లు తొడిగేసరికి మోకాళ్లకు జారుతుంది. అందుకే నూలు అల్లేటప్పుడు ఊలుకు వాడే సూది కన్నా ఒక నంబరు సన్నది తీసుకుని బిగువుగా అల్లండి. మన బజార్లో దొరికే సూదులకు నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుందని మరిచిపోకండి. 8 నంబరు లావు, 12 సన్నం.

నూలుకు గొప్ప గుణాలూ ఉన్నాయి. చెమట పీలుస్తుంది, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. అందుకే రోజూ ఉతికే పిల్లల బట్టలకు అదే మేలు. నిగనిగలాడే క్రోషియా దారం చూసి పట్టు కలిసిందేమో అనుకుంటారు కొందరు. అది ‘మెర్సిరైజ్డ్’ నూలు. 1844 ప్రాంతంలో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండు ఆయన నూలును కాస్టిక్ సోడాలో ముంచితే గట్టిపడుతుందని, రంగు బాగా పడుతుందని కనిపెట్టాడు. అలా ముంచేటప్పుడు బిగలాగి పడితే మెరుపు వస్తుందని తరవాత మరొకరు కనిపెట్టారు.

ఏది అల్లినా ముందు నాలుగంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి అప్పుడు కొలవండి. నూలు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. ముదురు రంగైతే విడిగా నానబెట్టి చూడండి. రంగు దిగితే తెల్లదాంతో కలిపి అల్లకండి.

ఏడాది పాపకు వేసవి చొక్కా

చదివి ఊరుకోకుండా ఒకటి అల్లి చూడండి. ఛాతీ 18 అంగుళాలున్న పాపకు ఈ కొలత. నాలుగు పేటల మెత్తటి నూలు 100 గ్రాములు చాలు, కొంచెం మిగులుతుంది. 10 నంబరు సూదులు. అంగుళానికి 6 కుట్లు, 8 వరసలు రావాలి. రాకపోతే సూది మార్చండి.

60 కుట్లు ఎక్కించండి. మొదటి 6 వరసలు అన్నీ సీదా. అప్పుడు అంచు ముడుచుకోదు. తరవాత ఒక వరస సీదా, ఒక వరస ఉల్టాగా మొత్తం 48 వరసలయ్యేదాకా పోండి. ఇప్పటికి 6 అంగుళాలు వచ్చి ఉంటుంది. ఇక్కడ చంకల కోసం రెండు వరసల మొదట్లో అయిదేసి కుట్లు మూసేయండి. 50 మిగులుతాయి. ఇక్కడి నుంచి ప్రతి వరసలో అటు 3, ఇటు 3 కుట్లు ఎప్పుడూ సీదాగానే అల్లండి. ఈ రెండు వరసలతో కలిపి 24 వరసలు అల్లాలి. అందులో చివరి 6 అన్నీ సీదా. వదులుగా మూసేయండి. ఇలాంటిదే ఇంకో ముక్క.

రెండు పక్కలూ చంకదాకా కలిపి కుట్టండి. భుజాల దగ్గర కుట్టొద్దు. ముందు ముక్కకు రెండు, వెనక ముక్కకు రెండు, అంచు నుంచి అంగుళం లోపలికి క్రోషియా గొలుసుతో ఆరంగుళాల తాళ్లు అల్లి, భుజం మీద ముడి వేయండి. తల దూర్చే బాధ లేదు, పాప పెరిగితే తాడు వదులు చేస్తే సరిపోతుంది. తాళ్లు ఇంతకన్నా పొడుగు పెట్టకండి, పసిపిల్ల మెడకు చుట్టుకోకూడదు.

‘బీడీలు బందు వెట్టచ్చా అక్కా?’

మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. బీడీలు చుట్టే ఆడవాళ్లు. బీడీకి చివర దారం చుట్టే ఆ వేళ్ల వేగం చూడాలి. అలాంటి అమ్మాయికి క్రోషియా పుల్ల చేతికిస్తే వారంలో నేర్చేసుకుంటుంది. దారం మీద పట్టు ముందే ఉంది కదా!

తంబాకు ఘాటుకు దగ్గు, వంగి కూర్చుని భుజాల నొప్పి. అందుకే నేర్చుకున్న ప్రతి అమ్మాయీ నన్నడిగే మాట ఒకటే. ‘అక్కా, గిది వస్తె బీడీలు బందు వెట్టచ్చా?’

వెంటనే ‘పెట్టెయ్ బిడ్డా’ అనడానికి నాకు నోరు రాదు. లెక్క చూపిస్తాను. మీరూ చూడండి. పైన చెప్పిన పాప చొక్కాలో ఒక్కో ముక్కకు 4,080 కుట్లు. రెండు ముక్కలకు 8,160. అలవాటైన చేయి నిమిషానికి 25 కుట్లు వేస్తే అల్లడానికే దాదాపు అయిదున్నర గంటలు. కుట్టడం, తాళ్లు, ఉతికి ఆరబెట్టడం కలిపితే ఒక రోజు పని. అందులో దారం ఖరీదు పోగా మిగిలేది ఆ రోజు కూలి. అంతకన్నా తక్కువకు అమ్మితే మీ చేతి పనిని ఊరికే ఇచ్చినట్టే.

బీడీకి వెయ్యికి ఇంత అని రేటుంది. చాలదని కొట్లాడతారు, కానీ కొట్లాడ్డానికి ఒక లెక్కంటూ ఉంది. 1966లో బీడీ కార్మికులకంటూ విడిగా చట్టమే వచ్చింది. అల్లికకు వెయ్యి కుట్లకు ఇంత అని ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ‘ఇంట్లో ఊరికే కూసోని అల్లుతున్నవ్ గదా వదినా, తక్కువ చేయ్’ అంటారు. అన్నం వండి, పిల్లల్ని బడికి పంపి, చేను పని ముగించి, కళ్లు లాగుతుంటే అల్లినది ‘ఊరికే’ ఎలా అవుతుంది?

అదే గోదావరి, అటు చివర

ఈ మాట మా ఊరిదే కాదు. గోదావరి మన జిల్లాలోని కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. ఆ నది వెంబడే పోతే భద్రాచలం దాపున దుమ్ముగూడెం. అక్కడా ఒకప్పుడు మిషనరీలు లేసు పని నేర్పారు. ఇంకా పోతే సముద్రానికి దగ్గరగా నరసాపురం. అక్కడి క్రోషియా లేసుకు నూట ఎనభై ఏళ్ల చరిత్ర. 1840లలో వచ్చిన మిషనరీలు నేర్పిన పని నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఇంటింటికీ పాకింది. అక్కడి ఆడవాళ్లు అల్లిన బల్ల గుడ్డలు, పరదాలు సముద్రాలు దాటి అమ్ముడయ్యాయి. సీతారాంపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన తెలుగు ఆడవాళ్ల చేతిపనికి అంత పేరు రావడం సంతోషమే కదూ?

కానీ ఆ పేరు వెనక సంగతి కూడా వినండి. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు నరసాపురం లేసు పనివాళ్ల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. రోజంతా అల్లే ఆడవాళ్లను కూలీలుగా కాకుండా తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్లకు అంత తక్కువ దక్కుతోందని ఆమె చూపించారు. దారం ఇచ్చేది ఒకరు, సరుకు పట్టుకుపోయేది ఒకరు, లాభం ఇంకొకరిది. మధ్యలో అల్లిన చేతికి కొసరు. ‘తీరిక వేళల్లో’ అన్న రెండు మాటలు ఎంత ఖరీదైనవో చూశారా!

అందుకే మా కొట్లో అల్లినవి అమ్మకానికి పెట్టే వాళ్లకు నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి వస్తువుకూ చిన్న చీటీ. అందులో దారం ఖరీదు, కుట్ల లెక్క, పట్టిన గంటలు. కొనేవాళ్లు బేరం మొదలుపెట్టగానే చీటీ ముందు పెడతాను. సగం మంది ‘ఇన్ని కుట్లా!’ అని ఆగిపోతారు. మిగతా సగం మంది వెళ్లిపోతారు, ఫర్వాలేదు. ఆగిన వాళ్లు మళ్లీ వస్తారు.

కొట్టు పెట్టాలనుకునే అక్కచెల్లెళ్లకు

ఉత్తరాలలో ఈ మాట అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి నాలుగు ముక్కలు. ఊలు ఒకేసారి ఎక్కువ తేవద్దు. చలి పోయాక మిగిలిన ఉండకు చిమ్మట పడుతుంది. ఎండలో వేసి, వేపాకు పెట్టి, మూత బిగిసే డబ్బాలో దాచండి. ఒక రంగు కొనేటప్పుడు చీటీ మీది లాటు నంబరు చూడండి. నంబరు మారితే ఛాయ మారుతుంది, సగం చొక్కా ఒకలా సగం ఇంకొకలా అవుతుంది. అరువు తప్పదు కాబట్టి పుస్తకం తప్పనిసరి. మా దగ్గర పసుపు అమ్ముడయ్యాక బాకీలు తీరతాయి, మీ ఊళ్లో ఏ పంట డబ్బు ఎప్పుడొస్తుందో దాన్నిబట్టి వాయిదా పెట్టుకోండి.

2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక కొందరు నిజామాబాద్ వెళ్లి కొనుక్కొస్తున్నారు. దూరపు తండాల వాళ్లు నా దగ్గరికి రావడమూ పెరిగింది. పెద్ద బజారు ధరతో చిన్న కొట్టు పోటీ పడలేదు. కానీ జారిన కుట్టు ఎత్తి చూపడం, మిగిలిన ఉండ వెనక్కి తీసుకోవడం, ‘కూసో చెల్లె, ఇట్ల పట్టుకో’ అని చేయి పట్టి నేర్పడం పెద్ద బజారులో దొరకవు. చిన్న కొట్టు బతికేది వాటి మీదే.

ఇంతకీ మీరేం చేస్తారు? ఈవారం అల్లుతున్నదేదైనా ఉంటే, దాని కుట్లు ఒకసారి లెక్కపెట్టి చీటీ రాయండి. అమ్మకపోయినా సరే, మనవరాలికే ఇచ్చినా సరే, చీటీ గుచ్చి ఇవ్వండి. ఆ చొక్కాలో ఎన్ని వేల కుట్లున్నాయో ఇంట్లో వాళ్లకూ తెలియనివ్వండి. ఇక ధర్పల్లి వైపు వస్తే కొట్టులోకి రండి. ఎండ పూట వస్తే కుండలో చల్లటి నీళ్లున్నాయి, సాయంత్రం వస్తే చాయ్ పెడతాను.