చీటీ మీది ధర

మా గురుబరపల్లిలో తెలుగువారింట పెండ్లి కుదిరితే, ముహూర్తం తరువాతి మాట చీరలదే. కృష్ణగిరిలో కొందామా, హోసూరులోనా, మద్రాసు త్యాగరాయనగరం పోదామా అన్నది ఒక పట్టాన తేలదు. గుమాస్తా జీతం వాళ్ళం, మాకు దగ్గరిదే మేలు. అయితే మా మాట వినేదెవరు?

ఆ త్యాగరాయనగరం పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరిట వెలిసింది. అక్కడి పానగల్ పార్కు పానగల్ రాజావారి పేరిట ఉంది. ఇద్దరూ తెలుగువారే. 1928లో కంచి నేతవారి ఇంటివారైన నల్లి చిన్నసామిచెట్టిగారు అక్కడ పట్టుచీరల కొట్టు పెట్టారు. వారిది తెలుగు పలికే పద్మశాలీల కుటుంబం. 1956లో మనుమడు కుప్పుసామిచెట్టిగారు, ఇంకా మీసాలు రాని వయసులోనే, వ్యాపారానికి వచ్చారు.

ఇటువంటి కథే అమెరికాలోనూ జరిగింది. లాజరస్ స్ట్రాస్ అనే యూదుడు 1852లో బవేరియా రాజ్యం విడిచి అమెరికా చేరాడు. జార్జియాలో బండి మీద సరుకు వేసుకుని తోటల వెంట తిరిగి అమ్మాడు. తరువాత టాల్బటన్ అనే ఊళ్ళో కొట్టు పెట్టాడు. అంతర్యుద్ధకాలంలో ధరలు మండిపోతే, అక్కడి గ్రాండ్ జ్యూరీ యూదు వర్తకులను నిందించింది. ఆ ఊళ్ళో యూదుల ఇల్లు ఆయనదొక్కటే! మిమ్మల్ని అనలేదండీ అని పెద్దలు వచ్చి బ్రతిమాలినా ఆయన ఉండలేదు. యుద్ధం ముగిశాక ఆ కుటుంబం న్యూయార్కు చేరింది. 1874లో మేసీ స్టోరు నేలమాళిగలో పింగాణీసామాను అమ్మకం పెట్టారు. 1888లో కొడుకులు ఇసిడార్, నేథన్ అందులో భాగస్థులై, 1896 నాటికి స్టోరంతా తమదే చేసుకున్నారు. బట్టలు, బొమ్మలు, పాత్రలు, అన్నీ ఒకే కప్పు క్రింద. ధర చీటీ మీద ఉంటుంది, దొరకైనా కూలివానికైనా అదే. ఈ పద్ధతి మేసీగారి కాలంనుంచీ ఉన్నదే, అప్పు మాత్రం పుట్టేది కాదు.

మాకు నచ్చింది ఆ చీటీ. మా చిన్ననాట సేలం వైపు ఒక జవుళికొట్టులో, మా అమ్మ తెలుగు యాసతో అరవం మాట్లాడగానే రవికెగుడ్డ ధర రెండు రూపాయలు పెరిగేది. "ఏ ఊరమ్మా మీది?" అనేవాడు కొట్టువాడు. తాతల నాటినుంచి ఇక్కడేనయ్యా అంటే నవ్వేవాడు. "ఇంకెన్నాళ్ళుంటే ఈ దేశం మనదౌతుందిరా?" అని అమ్మ దారిలో అడిగేది. మేమేం చెబుతాం?

అందుకే ఇప్పుడు ఆమెకు చీటీ ఉన్న కొట్టే కావాలి. పట్టుచీర మటుకే సుమా! రవికెగుడ్డలు మాత్రం మా వీధికి మూట మోసుకొచ్చే ముసలాయన దగ్గరే కొంటుంది. ఆయన దగ్గర చీటీ లేదు, కావలసినంత అప్పుంది. గంటసేపు బేరమాడుతుంది, తెలుగులోనే.