రసాల తోటకు కెమెరాతో

వేసవి సెలవులు వస్తే మా కుటుంబ ప్రయాణము ప్రతి ఏటా ఒక్క చోటికే. గుడివాడ దగ్గర మా ఊరి నుండి హనుమాన్ జంక్షన్ వరకు ఒక బస్సు, అక్కడి నుండి నూజివీడుకు మరొక బస్సు. కొత్తవారికి ఒక మాట చెప్పాలి. నూజివీడు అని బోర్డున్న రైలు స్టేషనులో దిగితే నూజివీడు రాదు. ఆ స్టేషను హనుమాన్ జంక్షన్ వైపు ఉన్నది, ఊరు చాలా దూరము. మా పెండ్లయిన కొత్తలో మేము ఆ పొరపాటు చేసి, రెండు సంచులతో ఎండలో ఆటో కొరకు నిలబడ్డాము.

జంక్షన్ దాటి కొంత దూరము వెళ్ళగానే నేల రంగు మారుతుంది. మా వైపు నల్లరేగడి, కాలువలు, వరి పొలాలు. ఇక్కడ ఎర్రనేల, మెట్ట, చిన్న చిన్న గుట్టలు, ఇక చూసినంత మేర మామిడి. కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరింది గాని, పండ్ల బండి దగ్గర ఎవరూ జిల్లా పేరు అడగరు. నూజివీడు రసాలు అంటే చాలు. చిన్నరసము, పెద్దరసము, చెరకురసము, వాటితో పాటు బంగినపల్లి, తోతాపురి. రసాన్ని కత్తితో కోసేవానిని ఇక్కడ పిల్లలు కూడా నవ్వుతారు. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న గాటు పెట్టి పీల్చుకోవాలి. ఊరిలో పనసచెక్కతో వీణలు చేయువారు ఉన్నారు. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటి వలన ఇప్పుడు రాష్ట్రమంతటి పిల్లలు ఇక్కడ కనబడుదురు.

మేము వెళ్ళేది మా అత్తగారి తోటకు. మూడు ఎకరాలు, అన్నీ పెద్ద చెట్లు, మా మామగారు నాటినవి. కొన్నేళ్ళుగా పూత నిలవడము లేదు. తేనెమంచు పురుగుకు మందు కొట్టీ కొట్టీ ఖర్చు పెరిగింది, కాయ దిగినప్పుడు ధర ఉండదు. ఈ ప్రాంతములో చాలామంది మామిడి తీసివేసి ఆయిల్ పామ్, మొక్కజొన్న వేస్తున్నారు. మా బావమరిది కూడా 2025 కాపు దిగిన తరువాత చెట్లు కొట్టించుదునని చెప్పాడు. తప్పు పట్టుటకు లేదు, అప్పు అతనిది. మా అత్తగారు ఏమీ అనలేదు. ఒక్కటే అడిగారు: “అందరూ ఒకసారి పెద్దచెట్టు కింద కూర్చుని ఫోటో తీయించుకుందాం.”

ఇక్కడ కెమెరా సంగతి మొదలవుతుంది. ఆ ఫోటో మేము 2023 మే నెలలోనే తీయవలసి ఉన్నది. అప్పుడు మా దగ్గర ఉన్న కెమెరా, మా సంఘ యౌవనస్థుడు ఒకడు పెండ్లి ఫోటోలకు వాడి మాకు అమ్మినది. మంచి కెమెరాయే, ఎండలో బాగా పనిచేసేది. ఆ రోజు అందరూ కొత్త బట్టలు కట్టుకొని చెట్టు కిందికి వచ్చేసరికి ఈదురుగాలి లేచి వాన కొట్టింది. కెమెరాను తువాలులో చుట్టుకొని పాకలోనికి పరుగెత్తాము. మూడు నిమిషాలు కూడా తడవలేదు. అయినా తెర వెలగలేదు. బాగుచేయువాడు విప్పి చూపించాడు. బటన్ల సందులో నుండి నీరు లోపలి బోర్డు మీదికి దిగింది. కార్డులోని పాత ఫోటోలు దక్కాయి, కెమెరా దక్కలేదు. ఆ తరువాతి వేసవిలో అందరికీ కుదరలేదు. ఇక మిగిలినది ఒక్క వేసవి. అది కూడా గాలివానల మే నెల.

ఫోనుతో తీయవచ్చును గదా అని మా అబ్బాయి అన్నాడు. సబబైన ప్రశ్నే. ఇప్పటి మంచి ఫోన్లలో ఐపి68 అనే గుర్తు ఉంటుంది. అవి తడిని ఓర్చుకొనుటలో చాలా కెమెరాలకంటె మేలు. పిల్లల ఆటలకు, పండుగ పూట ఫోటోలకు ఫోను చాలును, దాని కొరకు ఎవరూ అప్పు చేయనక్కరలేదు. అయితే ఇరవై ముగ్గురిని ఒక చట్రములో పట్టించుటకు ఫోనులోని వెడల్పు లెన్సు వాడితే, రెండు చివరల కూర్చున్నవారి ముఖాలు సాగిపోతాయి. చెట్టు నీడలో వెలుతురు తక్కువై వెంట్రుకలు, చీర అంచులు ముద్దగా వస్తాయి. గోడకు పెట్టే పెద్ద ఫోటోలో అది తెలిసిపోతుంది.

కాబట్టి మా ఆవిడ, ఆమె అన్నదమ్ములు, చెల్లెలు తలా కొంత వేసుకొన్నారు. కెమెరా ఒక్కరిది కాదు, కుటుంబానిది. ఎన్నిక చేసే పని మాకు అప్పగించారు. ఎందుకంటే అంతకుముందు పాడు చేసినది మేమే.

వానకు నిలిచే కెమెరా అంటే ఏమిటో మేము అప్పటివరకు సరిగా తెలుసుకోలేదు. సంగతి మన బావిలోని సబ్‌మెర్సిబుల్ మోటారు వంటిదే. బటన్ల కింద, బ్యాటరీ తలుపు చుట్టూ, కార్డు తలుపు చుట్టూ, లెన్సు బిగించే చోట రబ్బరు సీళ్ళు ఉంటాయి. ఇది కొత్త విద్య కాదు. ఒలింపస్ ఇ-1 కెమెరా 2003లోను, పెంటాక్స్ కె10డి 2006లోను ఇటువంటి సీళ్ళతో వచ్చాయి. ముఖ్యమైన మాట ఏమిటంటే, కెమెరాకు మాత్రమే సీళ్ళు ఉండి లెన్సుకు లేకపోతే ప్రయోజనము లేదు. ఇంటికి తాళము వేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్లే. లెన్సును తిప్పి వెనుక ఇనుప వలయము చూడాలి. దాని చుట్టూ సన్నని రబ్బరు అంచు ఉంటే సీలు ఉన్నట్లు. ఫూజీఫిల్మ్ లెన్సుల మీద, పెంటాక్స్ లెన్సుల మీద డబ్ల్యూఆర్ అను అక్షరాలు చూసుకోవాలి. క్యానన్‌లో ఎల్ తరగతి లెన్సులు కొన్నింటికి ముందు ఫిల్టరు బిగిస్తేనే సీలు పూర్తి అవుతుంది.

చాలా కంపెనీలు దుమ్ము, చెమ్మ నుండి రక్షణ అని మాత్రము వ్రాసి ఊరుకుంటాయి. ఎంత వాన, ఎంత సేపు అని చెప్పవు. ఓఎం సిస్టమ్ వారి ఓఎం-5, 2022లో వచ్చినది, దానికి ఐపి53 అని అంకె ఇచ్చారు. మొదటి అంకె 5 దుమ్ము గురించి. లోపలికి కొంచెము చేరినా పని చెడదు. రెండవ అంకె 3 నీటి గురించి. పైనుండి, ఏటవాలుగా 60 డిగ్రీల వరకు పడే జల్లును ఓర్చుకొంటుంది. అదీ సీలున్న లెన్సు బిగించినప్పుడే. నీటిలో ముంచుటకు కాదు. ఈ మాట మా తోటి పాస్టర్లకు ప్రత్యేకముగా చెప్పుచున్నాము. కాలువలో బాప్తిస్మము ఇచ్చునప్పుడు ఫోటో తీయువాడు గట్టు మీదనే నిలబడాలి. అంకె ఉన్నది గదా అని నడుము లోతు నీటిలోనికి దిగరాదు.

చివరకు రెండు మిగిలాయి. ఫూజీఫిల్మ్ ఎక్స్-టి4తో 16-80 లెన్సు ఒకటి, ఓఎం-5తో 12-45 ఎఫ్4 లెన్సు ఒకటి. మొదటిదానికి సెన్సారు పెద్దది, నీడలో దానిదే పైచేయి. కాని కెమెరా ఒక్కటే 600 గ్రాములు దాటుతుంది, లెన్సు మరొక 440 గ్రాములు. ఓఎం-5 బ్యాటరీ, కార్డుతో కలిపి 414 గ్రాములు, లెన్సు 254 గ్రాములు. రెండూ కలిపినా మూడు పెద్దరసాల బరువు ఉండదు. మా ఆవిడ మెడలో వేసుకొని రోజంతా తిరుగగలిగినది అదే. సింగపూరులో పనిచేయు మా మేనల్లుడు 2024 క్రిస్మస్‌కు వచ్చునప్పుడు, ఒకరు వాడిన సెట్టు తెచ్చాడు. సుమారు తొంభై వేలు అయినది. వెల దాచి పెట్టి సలహా చెప్పుట బాగుండదని వ్రాస్తున్నాము. వాడినది కొనేవారు టార్చి వెలుగును లెన్సులో నుండి పంపి, సాలెగూడు వంటి దారాలు ఉన్నాయేమో చూడాలి. అది బూజు. వారంటీ కాగితము కూడా చదవాలి. సీలున్న కెమెరాకైనా నీటి వలన కలిగిన నష్టాన్ని సాధారణముగా వారంటీ భరించదు.

రెండవ లెన్సుగా 25 ఎఫ్1.8 పాతది ఒకటి చవకగా దొరికింది. ఎఫ్4 కంటె ఇది సుమారు ఐదు రెట్లు ఎక్కువ వెలుతురు లోనికి రానిస్తుంది. సాయంకాలము వరండాలో, కుటుంబ ప్రార్థన వేళ దీపపు వెలుగులో ముసలివారి ముఖాలు తీయుటకు దీనికి సాటి లేదు. కాని దీనికి సీలు లేదు. పైకప్పు కింద మాత్రమే వాడాలని ఒట్టు పెట్టుకొన్నాము. మేము కొన్న రెండు నెలలకే, 2025 ఫిబ్రవరిలో, తడికి నిలిచే కొత్త రకము వచ్చింది. మా కొనుగోళ్ళు ఎప్పుడూ ఇంతే.

2025 మే మూడవ వారములో అందరము చేరాము. ఆ ఏడు ఋతుపవనాలు తొందరపడి మే 24 నాటికే కేరళలో దిగాయి గనుక, మబ్బులు మా తల మీదనే ఉన్నాయి. పెద్దచెట్టు కింద ఉదయము ఎనిమిదింటికి మొదటి ఫోటో తీస్తే అందరి ముఖాలు ఆకుపచ్చగా వచ్చాయి. గుబురు ఆకుల గుండా దిగిన వెలుతురు అలాగే ఉంటుంది. నులక మంచాలను చెట్టు అంచుకు జరిపి, ముందు తెల్ల దుప్పటి పరచితే నేల నుండి తెల్లని వెలుగు లేచి ముఖాలు తేరుకొన్నాయి. లెన్సును 12 దగ్గర కాక 20 దగ్గర ఉంచి, మేమే వెనుకకు నడిచాము. చివర కూర్చున్న తోడల్లుడు ఈసారి సాగలేదు.

మరొక సంగతి. కోత జరిగే చెట్టు కింద కెమెరా పట్టుకొని పైకి చూడరాదు. దోటితో కాయ తెంపగానే తొడిమ నుండి సొన చిమ్ముతుంది. చర్మము మీద పడితే కాలుతుంది, అద్దము మీద పడితే జిడ్డుగా పట్టుకొంటుంది. మా లెన్సు ముందు ఫిల్టరు ఉండుట వలన తుడిచి ఊరుకొన్నాము. పూత కాలములో వచ్చేవారికి సొన బదులు తేనెమంచు జిగురు. లెన్సులు మార్చే పని ఏదైనా ఉంటే ఇంటిలోనే ముగించుకొని తోటకు రావాలి. ఎర్రదుమ్ము లోపల పడితే అది ప్రతి ఫోటోలో ఆకాశము మీద చుక్కగా కనబడుతుంది.

పదకొండింటికి గాలి లేచింది. కాయలు టపటప రాలసాగాయి. కూర్చున్నవారందరూ లేచి, పట్టుచీరలు కూడా మరచి, కాయలు ఏరుకొనుటకు పరుగెత్తారు. సన్నని జల్లు మొదలైంది. ఆ జల్లులో మా అత్తగారు చీరకొంగు నిండా రాలిన కాయలు పట్టుకొని, తల మీద ముసుగు జారిపోయి, మనుమని మీద కేకలు వేస్తూ మా వైపు తిరిగారు. మేము మునుపటివలె తువాలు కొరకు వెదకలేదు. 45 వరకు జూమ్ లాగి వరుసగా తొమ్మిది తీశాము. అందులో ఒకటి ఇప్పుడు మా ముందరి గదిలో ఉన్నది. చుక్కలు కూడా కనబడుతున్నాయి.

అంతలో దూరముగా ఉరుము వినబడింది. తోట కాపలావాడు, “అయ్యగారూ, ఇక చెట్టు కింద వద్దండి” అన్నాడు. అతని మాటే సరి. సీళ్ళు కెమెరాకు ఉన్నాయి గాని మనకు పిడుగు నుండి లేవు. అందరినీ పిలుచుకొని మోటారు గది పక్కనున్న స్లాబు ఇంటిలోనికి వెళ్ళాము.

లోపలికి రాగానే చేయవలసినవి మునుపు తెలియక చెడినాము గనుక వ్రాస్తున్నాము. జూమ్ బయటకు సాగి ఉన్నప్పుడే గొట్టము మీది తడి తుడవాలి. తుడవకుండా వెనుకకు తిప్పితే ఆ తడి లోపలికే పోతుంది. పూర్తిగా ఆరేవరకు బ్యాటరీ తలుపు, కార్డు తలుపు తీయరాదు. ఆ రాత్రి బియ్యపు డబ్బాలో పెట్టమని ఇద్దరు సలహా ఇచ్చారు. బియ్యపు పిండి సందులలో చేరుటకు మించి ఏమీ జరుగదు. గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచాము. జూన్ నుండి నవంబరు వరకు కెమెరాకు అదే ఇల్లు. మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్ త్రీ, ఒక రోలుకు పన్నెండు చదరపు ఫోటోలు తీసేది, తోలు సంచిలోనే బూజు పట్టి పోయింది. తోలు చెమ్మను పీల్చి పట్టుకొంటుంది. ఇక ఎండ సంగతి. చాలా కెమెరాలకు 40 డిగ్రీల వరకే హామీ ఉంటుంది, మన మే నెల దానిని సులువుగా దాటుతుంది. కారు డిక్కీలోను, స్కూటరు సీటు కిందను వదలరాదు.

జూన్‌లో ఫోటోలు కలర్ ల్యాబులో అచ్చు వేయించి తీసుకువెళ్ళాము. పెద్ద ఫోటో, 12 అంగుళాలు, 18 అంగుళాలు. ఇరవై ముగ్గురూ స్పష్టముగా ఉన్నారు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్కరినీ వ్రేలితో తాకి పేరు చెప్పారు. చివరకు, “అల్లుడుగారూ, అందరూ ఉన్నారు గాని చెట్టు తల తెగిపోయిందేమండీ?” అన్నారు.

నిజమే. మనుష్యులను చూసుకొన్నాము, కొమ్మలను చూడలేదు. గొడ్డళ్ళవారు మరుసటి సోమవారము వస్తారని బావమరిది చెప్పాడు. ఆ సాయంకాలమే తోటకు వెళ్ళి, లెన్సును 12 దగ్గరకు తిప్పి, ఎదుటి గట్టు మీదకు ఎక్కి, మొదలు నుండి చివరి చిగురు వరకు చెట్టు నొక్కదానినే తీశాము. ఆ రోజు వాన లేదు.