శ్రీకారానికే నాలుగు పోయాయి

పాఠక మిత్రులకు,

యంత్రాల పక్షపాతం మీద పోయిన నెల రాసిన ఉత్తరానికి మీరు రాసిన జవాబుల్లో సగం ఒకే మాట మీద పోట్లాట. "యంత్రానికి పక్షపాతం ఏమిటండీ, అదేమన్నా మనిషా?" అని ఒకరు. "వాటిని చేసే కంపెనీలకు తెలుగంటే లోకువ, మీరు మరీ మెత్తగా రాశారు" అని ఇంకొకరు. మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా అన్నయ్య కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పక్కింటి మాస్టారు ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మొన్న ఆదివారం కాఫీలు చల్లారినా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

మొదలైంది 'శ్రీ' దగ్గర. మనవరాలి బారసాల కబురు ఎస్సెమ్మెస్ పంపుదామని మాస్టారు ఫోను తీశారు. "శ్రీ అని ఒక్క అక్షరం కొడితే నాలుగు తగ్గించిందేమిట్రా?" అన్నారు. ఫోను లెక్కలో శ్రీ ఒక అక్షరం కాదట. శ, పొల్లు, ర, దీర్ఘం, వెరసి నాలుగు. ఇంగ్లీషులో అయితే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగులో రాస్తే 70. అందులోంచి శ్రీకారానికే నాలుగు పోయాయి.

ఈ 160 ఎక్కణ్ణుంచి వచ్చిందో మావాడే చెప్పాడు. 1985లో జర్మనీలోని బాన్‌లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చుని, తోచిన వాక్యమల్లా కొట్టి, ఎన్ని అక్షరాలయ్యాయో లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే. పోస్టుకార్డులు చూస్తే చాలావాటిలో 150 కూడా లేవు. సరే, 160 చాలనుకున్నాడు. సందేశానికి చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు సరిపోతాయి గనక 160 ఇముడుతాయి. మనదానికి రెండేసి బైట్లు కావాలి గనక 70. "లెక్కంతే మాస్టారూ, ఇందులో కుట్రేముంది?" అన్నాడు.

"కుట్రని నేనన్లేదురా. పంక్తి వేసేటప్పుడు మనమూ వస్తామని వాళ్ళకు తట్టలేదు. తర్వాత గుర్తొచ్చి గుమ్మం పక్కన చాప వేశారు" అన్నారాయన.

నా ఓటు మాస్టారికే. పక్షపాతం అనగానే ఎవడో పళ్ళు కొరుకుతూ మన మీద పగబట్టినట్టు ఊహించుకుంటాం. చాలాసార్లు అక్కడ పగా ఉండదు, మనమూ ఉండం. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? ఒక తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో వాట్సాప్, మెసెంజర్ లాంటివి కూలిపోయాయి. ఆ అక్షరం ఏదనుకున్నారు? జ్ఞా! మనం రోజూ రాసే జ్ఞా కాదులెండి, మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఇరికించినది. ప్రపంచమంతా దాన్ని బాంబు అంది. పేలింది ఆపిల్ వారి సరంజామా, పేరు మాత్రం మన అక్షరానికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, మరమ్మతు పంపించారు. ఎక్కడెక్కడి ఐఫోన్లూ బెదిరాయి గనక అంత తొందర. తెలుగువాళ్ళ ఫోన్లకే అంటిన జబ్బయితే ఎన్నాళ్ళు పట్టేదో!

చాప ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉంది. కంప్యూటర్లో 'అమ్మ' అని ఇంగ్లీషు లిపిలో కొడితే 4 బైట్లు, తెలుగులో కొడితే 12. కొత్తగా వచ్చిన మాట్లాడే యంత్రాలు వాక్యాన్ని ముక్కలు చేసి మింగుతాయి, బిల్లు ముక్కల లెక్కన. ఆ కోత ఎక్కువగా ఇంగ్లీషు రాతను చూసి నేర్చింది కావడంతో, అదే సంగతి తెలుగులో చెబితే ముక్కలు కొన్ని రెట్లవుతాయి. కొత్తవాటిలో తేడా తగ్గుతోందని మావాడు ఒట్టేశాడు. తగ్గుతోంది, నిజమే. పోలేదు.

ఈ యంత్రాలు మింగే రాత ఎవరి సొత్తన్నది ఇంకో పేచీ, అదే కాపీరైటు. మన 1957 చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు పుస్తకం మీద హక్కు వారసులది. మొదట 50 ఏళ్ళే. రవీంద్రుడి రచనల గడువు తీరిన సమయంలో, 1992లో, 60 చేశారు. రచయిత చలం 1979లో పోయారు కాబట్టి ఆయన పుస్తకాలకు 2039 ఆఖరు దాకా ఆగాలి. మాస్టారు ఒక చిన్న పత్రికలో పాత కథ మళ్ళీ వేయిద్దామని, ఆ రచయిత వారసుల అడ్రసు కోసం రెండేళ్ళు తిరిగారు. దొరకలేదు, కథ వేయలేదు. పెద్ద కంపెనీలేమో నెట్‌లో కనబడిన రాతను కుప్పలుగా పోగేసి యంత్రాలకు మేపాయి. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఇదే విషయం మీద, అనుమతి లేకుండా తమ వార్తలు వాడుకున్నారని, మాట్లాడే యంత్రాలు చేసే ఓపెన్‌ఏఐ కంపెనీని ఢిల్లీ హైకోర్టుకు లాగింది.

ఇక్కడ మాత్రం నేను గోడ మీద పిల్లినే. అడక్కుండా మన రాత వాడుకోవడం తప్పు. కానీ తెలుగు మేపకపోతే ఆ యంత్రాలకు తెలుగు రాదు, మళ్ళీ గుమ్మం పక్కనే. ఆ మాటంటే మాస్టారు, "అయితే అడిగి వడ్డించుకోమను, మేం వద్దంటామా" అన్నారు. మావాడి దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే రాయండి.

మీ
సంపాదకుడు

తా.క.: బారసాల కబురు చివరికి పోస్టుకార్డు మీదే వచ్చింది. పక్కింటికి పోస్టేమిటని అడక్కండి, ఆయన పంతం ఆయనది. చోటు చాలక మూడంచుల వెంటా రాశారు. "భోజనాలకు కాఫీ వేళకే వచ్చెయ్యండి" అన్న ముక్క అడ్రసు పక్కన దొరికింది.