సర్వర్ డౌన్, అమ్మీ

పోయిన నెల అమ్మీని షుగర్ టెస్టుకి తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "సర్వర్ డౌన్, కూర్చోండి" అంది. లైన్లో ముప్పై మంది దాకా ఉన్నారు. సగం మంది పరగడుపున వచ్చిన బుజుర్గులే. ఒకాయన "ఎప్పుడు చూసినా ఇదే బహానా" అని గట్టిగానే విసుక్కున్నాడు. నేను నోరు మెదపలేదు. అమ్మీ నా మొహం చూసి మెల్లగా "ఓ రాత్ యాద్ ఆయీ క్యా బేటా?" అంది.

ఆ రాత్రి సంగతి చెప్పాలంటే ముందు నా పనేంటో చెప్పాలి. ఇప్పుడు మన ప్రతి మొహల్లాలోనూ ఒక నైట్ డ్యూటీ బచ్చా ఉన్నాడు. పొద్దున ఏడింటికి కళ్లు ఎర్రగా ఇంటికొస్తాడు. కంప్యూటర్ కామ్ అంటాడు, పడుకుంటాడు. నేను కూడా చాలా ఏళ్లు అంతకు మించి చెప్పలేదు. ఒకరోజు అమ్మీ పట్టుబట్టింది. అప్పుడు కర్నూల్లో దాదా కట్టించిన ఇల్లే మిసాల్‌గా చెప్పాను.

ఆ ఇంట్లో మా అబ్బా, ముగ్గురు చాచాల కుటుంబాలు. ఎవరి కమ్రా వాళ్లది. బావర్చీఖానా, బావి, సహన్, కరెంటు మీటరు మాత్రం అందరిదీ. బ్లేడ్ సర్వర్లంటే అదే బందోబస్తు. పాత పద్ధతిలో ఒక్కో సర్వరు ఒక్కో సొంతిల్లు. ఒక్కోదానికి రెండు కరెంటు తీగలు, నెట్‌వర్క్‌కి రెండో నాలుగో, స్టోరేజీకి రెండు, మేనేజ్‌మెంట్‌కి ఇంకోటి. ర్యాక్ వెనక తలుపు తీస్తే సేమియా గంప బోర్లించినట్టుండేది. ఒక తీగ వెతకడానికి గంట పట్టేది.

2001లో ఆర్‌ఎల్‌ఎక్స్ అనే చిన్న అమెరికన్ కంపెనీ సర్వర్లని పలకల్లా పలచగా చేసి ఒకే పెట్టెలో దూర్చింది. తర్వాత ఐబీఎం, హెచ్‌పీ అదే దారి పట్టాయి. 2006లో వచ్చిన హెచ్‌పీ సీ7000 పెట్టెలో పదహారు బ్లేడ్లు పడతాయి. నేను ఎక్కువ కాలం పనిచేసింది మాత్రం సిస్కో యూసీఎస్ మీద. 2009లో వచ్చింది. దాని 5108 పెట్టె ఎత్తు పదిన్నర అంగుళాలు. ముందు ఎనిమిది బ్లేడ్లు, నాలుగు పవర్ సప్లైలు, వెనక ఎనిమిది ఫ్యాన్లు. బ్లేడులో ముఖ్యంగా ఉండేది ప్రాసెసరు, మెమరీ. కరెంటు, గాలి, బయటికి వెళ్లే దారి, అన్నీ పెట్టెవే. ఉమ్మడివే.

ఇక కమ్రాల్లో ఎవరుంటారు? కిరాయిదార్లు. వర్చువల్ మెషీన్లంటే వాళ్లే. ఒక్కో బ్లేడు మీద ఇరవై, ముప్పై మంది ఉంటారు. ఒక్కొక్కరూ ఇల్లంతా తమదే అనుకుంటారు. ఒక కమ్రా రిపేరుకి వస్తే అందులోని వాళ్లని నిద్ర లేపకుండా పక్క కమ్రాలోకి మార్చొచ్చు. వీఎంవేర్ వాళ్లు 2003లోనే ఈ తరీకా తెచ్చారు. మొదటిసారి చూసినప్పుడు నాకు జాదూలాగే అనిపించింది.

యూసీఎస్‌లో నాకు నచ్చిన బాత్ ఇంకోటుంది. మెషీన్ పహచాన్ అంతా, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, స్టోరేజీ దగ్గర దాని పేరు, బ్లేడుకి అంటుకుని ఉండదు. సర్వీస్ ప్రొఫైల్ అని విడిగా రాసి ఉంటుంది. బ్లేడు పాడైతే కొత్తది పెట్టి అదే ప్రొఫైల్ తగిలిస్తే చాలు. అవతలి వాళ్ల లెక్కలో పాత మెషీనే లేచి కూర్చున్నట్టు. జిస్మ్ మారినా నామ్ మారదు.

ఇదంతా విని అమ్మీ ఒకే సవాల్ వేసింది. "బావర్చీఖానా ఒకటే కదా, పొయ్యి ఆరితే అందరికీ ఫాకానేనా?"

ఇరవై ఏళ్లుగా ఈ ధందాలో పెద్దపెద్దవాళ్లు అడుగుతున్న ప్రశ్న అది. జవాబు కూడా ఉంది. పొయ్యిలు రెండు పెడతారు. పెట్టె నుంచి బయటికి ఏ, బీ అని రెండు దారులు. ఒకటి ఆగితే రెండోది. అమ్మీకి అదే చెప్పి తసల్లీ ఇచ్చాను. నేను కూడా తసల్లీగానే ఉన్నాను.

ఆ రాత్రి పని ఆ రెండు దారుల సాఫ్ట్‌వేర్ మార్చడం. ఒకదాని తర్వాత ఒకటి ఆపి లేపాలి. ముందు బీ ఆపాను. ఏమీ కాలేదు. ఒక్క అలారం లేదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను ముంచింది. బీ లేచింది. టీ తాగి, రెండున్నరకి ఏ ఆపాను.

మూడు నెలల కింద మూడు కొత్త బ్లేడ్లు చేర్చాం. స్టోరేజీ స్విచ్‌లో వాటి పేర్లు రాసింది నేనే. ఏ వైపు రాశాను. బీ వైపు తర్వాత రాద్దాంలే అనుకున్నాను, మర్చిపోయాను. బీ ఆగినప్పుడు అవి ఏ మీద నడిచాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఏ ఆగేసరికి వాటికి డిస్కు అందలేదు. బ్లేడు బతికే ఉంది, నెట్‌వర్క్ పలుకుతూనే ఉంది. అందుకే కిరాయిదార్లు ఎవరూ లేచి పక్క కమ్రాకి పోలేదు, ఉన్నచోటే కొయ్యబారిపోయారు. వాళ్లలో ఒక ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టులు ఉన్నాయి.

ఏ తిరిగి లేచేదాకా ఇరవై నిమిషాల పైనే. ఆ ఇంతెజార్ నేను మర్చిపోలేను. స్క్రీన్ మీద ఒక గీత మెల్లగా కదులుతుంది, ఫోను మోగుతూ ఉంటుంది. అవతల నుంచి ఆసుపత్రి ఐటీ కుర్రాడు అరవలేదు. "అన్నా, ఐసీయూ వాళ్లు రక్తం రిపోర్టు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావ్?" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. "ల్యాబ్‌కి మనిషిని పంపి చేత్తో రాయించు" అన్నాను. రాయించాడట. దారి వచ్చాక కూడా సగం మెషీన్లు డిస్కు మీద రాయలేని హాలత్‌లో ఉంటే ఒక్కొక్కటే రీస్టార్ట్ చేసేసరికి నాలుగు దాటింది.

రిపోర్టులో కారణం దగ్గర "పరికరం లోపం" అని రాయొచ్చని ఒక సీనియర్ సలహా ఇచ్చాడు. నమ్మేవాళ్లు కూడా. యంత్రం మాత్రం నేను చెప్పినట్టే చేసింది. నా గల్తీ అని రాశాను. ఆ ఏడు ఇంక్రిమెంటు రాలేదు, నౌకరీ మాత్రం నిలిచింది.

పొద్దున ఇంటికొచ్చి అమ్మీకి చెబితే కాసేపు ఆలోచించి అంది, "నేను కోడలిగా వచ్చిన కొత్తలో సహన్ వెనక రెండో పొయ్యి ఉందని నాకెవరూ చెప్పలేదు బేటా. ఒకరోజు లోపలి పొయ్యి కూలిపోతే చంటోడికి పాలు కాచడానికి పక్కింటికి పరుగెత్తాను. పొయ్యి ఉంది, దారి నాకు తెలీదు." మా పోస్ట్‌మార్టం రిపోర్టు పదకొండు పేజీలు. అందులో ఉన్నది ఇదే.

అప్పటి నుంచి ఒక దారి ఆపే ముందు రెండో దారి మీద ఒక్కో బ్లేడుకి డిస్కు కనిపిస్తోందా అని చేత్తో లెక్క రాసుకుంటాను. కుర్రాళ్లు నవ్వుతారు. ఇప్పుడు చాలామంది పెట్టెలు వదిలి క్లౌడ్‌కి పోతున్నారు. 2023లో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొన్నాక లైసెన్సు ఖర్చుకి భయపడి వేరే దారులు వెతికేవాళ్లూ ఉన్నారు. పోనీ. క్లౌడ్ అన్నా ఎక్కడో ఒక హాల్లో ఎవడో ఒకడు రాత్రి రెండున్నరకి ఏదో ఒకటి ఆపుతూనే ఉంటాడు.

కౌంటర్ దగ్గర ఆయన ఇంకా తిడుతున్నాడు. అమ్మీ తన సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి ఆయనకిస్తూ, "టెస్ట్ అయ్యాక తినండి భాయ్‌సాబ్. లోపల ఎవరో బచ్చా తిప్పలు పడుతుంటాడు" అంది. ఆయన పొట్లం తీసుకున్నాడు, తిట్టడం మాత్రం ఆపలేదు. పది నిమిషాలకి ప్రింటరు కదిలింది. మా టోకెన్ 47, అప్పటికి పిలుస్తున్నది 19.