ఆకాశం పేరు పెట్టుకున్న ఊరు

బారులు తీరిన సైప్రస్ చెట్లు, అలల్లా లేచిపడే పచ్చటి గుట్టలు, వాటి నెత్తిన రాతిగోడల పట్టణాలు... ఇటలీలోని టస్కనీ అనగానే కళ్లముందు మెదిలే దృశ్యమిది. దాన్ని చూడటానికి వెళ్లే మనవాళ్లలో ఎంతోమంది శంషాబాద్‌లోనే విమానం ఎక్కుతారు. నగరం నుంచి పాత బెంగళూరు రోడ్డు పట్టుకుంటే ఆరాంఘర్ దాటాక ఓ ఊరొస్తుంది. కారు అద్దంలోంచి ఫ్యాక్టరీ షెడ్లు, గోదాములు, లారీలు కనిపిస్తాయి. ‘విమానం టైముకి అందుకుంటామా’ అని గడియారం చూసుకునేలోపే ఆ ఊరు వెనక్కి వెళ్లిపోతుంది. అదే గగన్‌పహాడ్!

గగనం అంటే ఆకాశం. పహాడ్ అంటే కొండ. ఆకాశపు కొండ అన్నమాట. ఈ చుట్టుపక్కల పేర్లన్నీ ఎందుకో పైకే చూస్తుంటాయి. ఈశాన్యాన ఉన్న గుట్టమీది ప్యాలెస్ ఫలక్‌నుమా... ఆ మాటకీ ‘ఆకాశాన్ని పోలినది’ అనే అర్థం. దక్షిణాన శంషాబాద్. ‘షమ్స్’ అంటే సూర్యుడు. నిజాం దర్బారులో పేరుమోసిన పైగా వంశీయుల బిరుదు ‘షమ్సుల్ ఉమ్రా’లోనూ ఉన్నది ఆ సూర్యుడే. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలయ్యాక ఆ పేర్లు మరీ అతికినట్లు సరిపోయాయి.

గుట్టమీద ఇటలీ

టస్కనీ దాకా వెళ్లకుండానే ఇటలీ ఛాయలు చూడాలంటే ఫలక్‌నుమా ఉండనే ఉంది. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో పేరుమీద ప్రపంచమంతా పాకిన శైలి దీని ముందుభాగంలో కనిపిస్తుంది. పాలరాయిని ఇటలీ నుంచే తెప్పించారు. తర్వాత ఇది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికొచ్చింది. 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల ఇక్కడి ప్రత్యేకత.

నవాబు పాలరాయిని సముద్రాలు దాటించి తెచ్చుకున్నాడు సరే... కాళ్లకింద ఉన్న రాయి వయసు తెలిస్తే మాత్రం ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే.

250 కోట్ల ఏళ్ల బండలు

హైదరాబాద్ చుట్టూ ఉన్న నల్లరాతి గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వీటి ముందు హిమాలయాలు పసిపిల్లలే. భూమి లోపల చల్లారి గట్టిపడిన ఈ రాయి, పైనున్న పొరలు కొట్టుకుపోయేకొద్దీ బయటపడింది. ఎండకీ వానకీ పగుళ్లు బారి, ఉల్లిపొరల్లా పెచ్చులూడి, మూలలు అరిగి నున్నటి గుండ్లయింది. అందుకే ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్లే నిలబడి ఉంటాయి. పడిపోతాయేమో అనిపిస్తుంది కానీ మన తాతముత్తాతలు పుట్టకముందు నుంచీ అలాగే ఉన్నాయి.

అయితే ఆ గుండ్లు పడాల్సిన పనిలేకుండానే మాయమయ్యాయి చాలాచోట్ల. కంకరకోసం పేల్చేశారు, ప్లాట్లకోసం చదును చేశారు. వీటిని కాపాడుకుందామంటూ 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థ కూడా ఏర్పడింది.

నర్కుడలో రాముడు

శంషాబాద్ మండలంలోని నర్కుడ దగ్గరే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. 13వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఏడంతస్తుల గోపురం దూరం నుంచే పలకరిస్తుంది. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు మకరతోరణంతో సహా నల్లరాతిలో కొలువై ఉంటారు. బయటికొస్తే మెట్లు మెట్లుగా దిగే కోనేరు, చుట్టూ కమానుల మంటపాలు. ఎక్కడో చూసినట్లుందే అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఎన్నో తెలుగు సినిమాలకు ఇది షూటింగ్ స్పాట్ మరి!

అదే మండలంలోని ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైంది. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలున్నాయి. పడమటి వైపు హిమాయత్‌సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలాంటి కష్టం రాకూడదని కట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. ఈసీ నదిమీద 1927లో పూర్తయింది. మూసీకి వచ్చే నీటికి పగ్గం వేయడమే కాదు, నగరానికి దాహమూ తీర్చింది. సాయంత్రం పూట కట్టమీద నిలబడి అస్తమించే సూర్యుణ్ని చూడటం హైదరాబాదీలకు పాత అలవాటే.

గోడమీద పాలన

మళ్లీ ఓసారి టస్కనీకి వెళదాం. అక్కడి సియెనా పట్టణంలో పాలకుల సమావేశ మందిరం గోడలమీద అంబ్రోజో లోరెంజెట్టి అనే చిత్రకారుడు 1338-39లో బొమ్మలు వేశాడు. ఒకవైపు మంచి పాలన ఫలితం... కళకళలాడే వీధులు, దున్నిన పొలాలు, నిర్భయంగా నడిచే ప్రయాణికులు. ఇంకోవైపు చెడ్డ పాలన... కూలిన ఇళ్లు, పాడుపడిన నేల. పాలకులు కూర్చుని నిర్ణయాలు తీసుకునేటప్పుడు అవి కళ్లెదురుగా ఉండాలని ఆలోచన!

ఆ సియెనా వాళ్లే 14, 15 శతాబ్దాల్లో దగ్గర్లోని వాల్ దోర్చా లోయను పద్ధతిగా తీర్చిదిద్దారు. ఇప్పుడు పోస్టుకార్డుల మీద మెరిసే ఆ అందం దానంతటది వచ్చింది కాదు. తరాల తరబడి సేద్యం చేసి, కాపాడుకుంటే వచ్చింది. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టస్కనీలోనే ఉన్న శాన్ జిమిన్యానో పట్టణంలో ఒకప్పుడు 72 దాకా రాతి బురుజులుండేవట. మిగిలిన 14నీ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

మన పెద్దలూ తక్కువవాళ్లేం కాదు. గుట్టమీద పడిన వాన ఎటు జారుతుందో చూసి పల్లంలో కట్ట పోశారు. ఆ చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు... ఇలా గొలుసుకట్టు చెరువులు తెలంగాణ అంతటా వెలిశాయి. రాయి, నీరు, పొలం కలిస్తేనే ఇక్కడి అందం.

ఆ రాత్రి చెప్పిన పాఠం

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసింది. కుండపోత వానకు గగన్‌పహాడ్‌లోని అప్పా చెరువు కట్ట తెగింది. నీళ్లు బెంగళూరు జాతీయ రహదారిని కోసేశాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. వానది ఒక్కదానిదే తప్పు కాదు. నీరు నిలవాల్సిన శిఖం భూముల్లో షెడ్లు లేచాయి. 2024 ఆగస్టులో హైడ్రా అధికారులు ఆ చెరువులోని ఆక్రమణలను కూల్చేశారు.

జంట జలాశయాలకు నీరొచ్చే దారులు మూసుకుపోకూడదని 1996లో జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో నిర్మాణాలమీద ఆంక్షలు పెట్టారు. వాటిలో ఎక్కువ శాతం శంషాబాద్ మండలానివే. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను సడలించారు. తమ భూమికి ధర రాక పాతికేళ్లు ఎదురుచూసిన రైతుల గోడు ఒకవైపు, నీటి దారి గురించిన భయం ఇంకోవైపు. రెండూ నిజాలే. రైతుకు న్యాయం చేస్తూనే నీటికి దారి వదిలే పద్ధతి వెతకాలి. లోరెంజెట్టి ఇక్కడుంటే గగన్‌పహాడ్‌ను ఏ గోడమీద గీసేవాడో... అది తేలేది ఆ తూకం కుదిరినప్పుడే!

వెళ్లాలంటే...

ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వైపు వెళ్లే బస్సులన్నీ గగన్‌పహాడ్ మీదుగానే వెళతాయి. రైల్లో వచ్చేవాళ్లు శంషాబాద్‌లోని ఉందానగర్ స్టేషన్లో దిగొచ్చు. వానాకాలం వెళ్లాక, గుట్టల సందుల్లో గడ్డి పచ్చగా ఉండి చెరువులు నిండుగా ఉన్నప్పుడు వెళితే బాగుంటుంది. పొద్దున్నే అమ్మపల్లి, మధ్యాహ్నం ముచ్చింతల్, సాయంత్రం హిమాయత్‌సాగర్... ఒక్క ఆదివారం చాలు. పాస్‌పోర్టు అక్కర్లేదు!