ఏడు ఫిల్టర్లు, రెండు చెవులు

సీడీ పాటలో సెకనుకు 44,100 కొలతలుంటాయి. వాటిని మళ్లీ ధ్వనిగా మార్చేది డాక్ అనే చిన్న డబ్బా. ఆ మార్పులో 22,050 హెర్ట్జ్‌ పైన పుట్టే చెత్తను దాన్లోని డిజిటల్ ఫిల్టర్ కోసేస్తుంది. నిటారుగా కొయ్యాలా, ఏటవాలుగానా అన్నది మన ఇష్టం.

నా చవక డాక్‌లో ఇలాంటివి ఏడున్నాయి. సంగారెడ్డిలో మా వీధి సద్దుమణిగాక పరీక్ష. బాగా తేడా ఉన్న రెండింటిని మా ఆవిడ చెప్పకుండా మార్చేది. పదిసార్లలో అయిదుసార్లు కనిపెట్టాను. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి! ఆ తేడాలు ఎక్కువగా ఉండేది 20,000 దగ్గర. నలభై దాటిన నా చెవి 14,000కే ఆగిపోయింది మరి.

ఈ ఈలలేమిటని నాన్న వచ్చి కూర్చున్నారు. ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో 28 ఏళ్లు పనిచేశారు. హెడ్‌ఫోన్ పెట్టాను. 2,000 విన్నారు. 4,000 దగ్గర, ''బంద్ జేసినవా ఏంది?'' అన్నారు.

బంద్ చెయ్యలేదు. మోతకు దెబ్బతినే చెవి మొదట పోగొట్టుకునేది ఆ చుట్టుపక్కలే. పోయింది తిరిగి రాదు. ఎనిమిది గంటల షిఫ్టులో మోత 90 డెసిబెల్స్‌ దాటకూడదని ఫ్యాక్టరీ నిబంధన. నాన్న షెడ్డులో ఎవరూ కొలవగా ఆయన చూళ్లేదు. చెవుల్లో దూది పెట్టుకునేవారట.

స, శ లాంటి అక్షరాల బలమంతా ఆ ఎత్తుల్లోనే. ''సగం మాట మింగుతవేందిరా'' అని ఏళ్లుగా నన్ను కసిరింది ఇందుకన్నమాట.

డాక్‌ని మొదటి ఫిల్టర్ మీదే వదిలేశాను. సోమవారం నాన్నను వినికిడి పరీక్షకు తీసుకెళ్తున్నా. మిషన్ పెడితే పాటలు కూడా వినొస్తాయా అని పొద్దుట్నుంచి అడుగుతున్నారు.